రోదసి గనులు మనిషిని తొందరపెడతాయా?

సైకీ అనే గ్రహశకలం వార్తల్లోకి వచ్చినప్పుడల్లా పక్కనే ఒక ధర కూడా కనిపిస్తుంది: 10 క్వింటిలియన్ డాలర్లు. 1 పక్కన 19 సున్నాలు. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఏడాదిలో సృష్టించే సంపద ఉజ్జాయింపుగా 100 ట్రిలియన్ డాలర్లు కాబట్టి, ఈ ఒక్క రాయి ఖరీదు దానికి లక్ష రెట్లన్నమాట. ఇంత సొమ్ము పైన పడి ఉంటే ఈపాటికి మనుషులు ఎగబడి ఉండాలి. కానీ 1852లో కనిపెట్టిన సైకీ వైపు మొదటి నౌక బయల్దేరింది 2023 అక్టోబరు 13న. అది చేరేది 2029లో. అది కూడా తవ్వడానికి కాదు, చుట్టూ తిరిగి చూడడానికి. అందులో మనుషులెవరూ లేరు.

ఆ ధర ఎలా కట్టారో చూస్తే విషయం సగం తేలిపోతుంది. సగటున 220 కిలోమీటర్ల వ్యాసమున్న ఆ రాయి మొత్తం లోహమే అనుకుని, బరువు కట్టి, ఇవాళ్టి మార్కెట్ రేటుతో గుణించారు. సైకీ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 4 గ్రాములు. గట్టి ఇనుమైతే 8కి దగ్గరగా ఉండాలి. అంటే అందులో రాతి పదార్థమో, బోలు ఖాళీలో, రెండూనో చాలానే ఉన్నాయి. ఆ పొరపాటును పక్కన పెట్టినా అసలు గుణకారమే చెల్లదు. రేటు అనేది ఎంత సరుకు వస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. 18వ శతాబ్దం మొదటి దాకా ప్రపంచానికి వజ్రాలంటే ప్రధానంగా మన దేశపు గనులే, అందులో పేరు మోసినవి కృష్ణా తీరపు కొల్లూరు గనులు. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడి యూరప్‌లో దిగగానే ధర కుప్పకూలింది. చివరికి తవ్వకాలకు కళ్లెం వేయాల్సిన అవసరం పోర్చుగల్ ప్రభుత్వానికే వచ్చింది. వజ్రాల సంగతే అలా అయితే, వందల కిలోమీటర్ల ఇనుప కొండను భూమికి దింపితే ఇనుముకు ఏ ధర మిగులుతుందో చెప్పనక్కర్లేదు.

ఇనుము వదిలేసి ప్లాటినం చూద్దాం. గ్రహశకలాల వ్యాపారం మాట్లాడేవాళ్లంతా ఎత్తేది ఆ పేరే. భూమి మీద ఏటా గనుల నుంచి వచ్చే ప్లాటినం 180 టన్నుల ప్రాంతంలో ఉంటుంది, అందులో సింహభాగం దక్షిణాఫ్రికాది. అక్కడి ఖనిజంలో ప్లాటినం వర్గపు లోహాలు టన్నుకు 3 నుంచి 6 గ్రాములు. లోహ గ్రహశకలాల్లో టన్నుకు 20 గ్రాములు ఉన్నాయని ఉదారంగానే అనుకుందాం. 100 టన్నుల ప్లాటినం కావాలంటే 50 లక్షల టన్నుల లోహాన్ని శుద్ధి చేయాలి. అదీ గట్టి నికెల్-ఇనుము మిశ్రమం, సుత్తితో కొడితే పగిలే రాయి కాదు. గురుత్వాకర్షణ దాదాపు ఉండదు కాబట్టి కరిగించినా తేలికది పైకి, బరువైనది కిందికి పోదు. ఇంత చేసి తెచ్చిన సరుకును గ్రాము 30 డాలర్ల చొప్పున అమ్మితే 300 కోట్ల డాలర్లు. రేటు రెట్టింపైతే 600 కోట్లు. అయితే ప్రపంచం ఏడాది ఉత్పత్తిలో సగానికి పైగా ఒక్కసారి మార్కెట్లో పడితే ఆ రేటు నిలవదు.

ఖర్చు వైపు చేతిలో ఉన్న కొలబద్ద ఒక్కటే: ఇప్పటిదాకా నిజంగా తెచ్చిన సరుకు. నాసా ఒసైరిస్-రెక్స్ నౌక 2016లో వెళ్లి, 2020 అక్టోబరులో బెన్నూ అనే గ్రహశకలం మీద మట్టి పట్టుకుని, 2023 సెప్టెంబరు 24న 121.6 గ్రాములు దింపింది. ఖర్చు 100 కోట్ల డాలర్లకు పైగా, అంటే గ్రాముకు 80 లక్షల డాలర్ల పైమాటే. జపాన్ హయబుసా-2 తెచ్చింది 5.4 గ్రాములు. ఇవి శాస్త్ర పరిశోధన నౌకలు, వీటిని గని లారీలతో పోల్చడం అన్యాయమే. ఎంత చవక చేసినా ఒక సంగతి మాత్రం మారదు, అది కాలం. వెళ్లి రావడానికి ఏడేళ్లు పట్టే వ్యాపారంలో పెట్టుబడి మీద 10 శాతం వడ్డీ వేసుకుంటే, మొదటి గ్రాము అమ్మేసరికి అప్పు దాదాపు రెట్టింపవుతుంది. గ్రహశకలాలు తవ్వుతామని 2012లో ఆర్భాటంగా ముందుకొచ్చిన ప్లానెటరీ రిసోర్సెస్ కంపెనీ 2018లో ఒక బ్లాక్‌చెయిన్ కంపెనీ చేతికి పోయింది. అదే బాటలోని డీప్ స్పేస్ ఇండస్ట్రీస్‌ను 2019 మొదట్లో వేరే సంస్థ కొనేసింది. వాళ్లకు గ్రహశకలాలు దొరకక కాదు, అన్నేళ్లు ఓపిక పట్టే డబ్బు దొరకలేదు.

హీలియం-3 కథ ఇంకో రకం. చంద్రుడి మట్టిలో సౌరగాలి నాటిన ఈ వాయువుతో కేంద్రక సంలీన విద్యుత్తు తయారవుతుందని దశాబ్దాలుగా చెబుతున్నారు. దాన్ని మండించే రియాక్టర్ మాత్రం ఇంకా లేదు. ఇప్పుడున్న నిజమైన గిరాకీ వేరు: క్వాంటం కంప్యూటర్లను సున్నా కెల్విన్ దగ్గరికి చల్లబరిచే యంత్రాలకు అది కావాలి. లీటరు వాయువు ధర రెండు వేల డాలర్ల పైన పలుకుతోంది. ఏడాదికి 10 వేల లీటర్ల దాకా కొనడానికి చంద్రుడి నుంచి దాన్ని తెస్తామంటున్న అమెరికా కంపెనీ ఇంటర్‌లూన్‌తో బ్లూఫోర్స్ అనే శీతలీకరణ సంస్థ 2025లో ఒప్పందం చేసుకుంది. లెక్క కట్టి చూద్దాం. 10 వేల లీటర్ల హీలియం-3 బరువు సుమారు 1.35 కిలోలు. చంద్రుడి మట్టిలో అది వంద కోట్ల పాళ్లలో 10 పాళ్లు ఉంటుందనుకుంటే టన్నుకు 10 మిల్లీగ్రాములు. అంటే 1,35,000 టన్నుల మట్టిని ఎత్తి, 700 డిగ్రీల దాకా వేడి చేసి, వచ్చిన వాయువులన్నిట్లోంచి దీన్ని వేరు చేయాలి. వచ్చే రాబడి రెండు కోట్ల డాలర్ల చిల్లర. 2024లో చంద్రుడిపై దిగిన ఒడిస్సియస్ ల్యాండర్ ప్రయాణానికి నాసా ఒక్కటే చెల్లించింది 11.8 కోట్ల డాలర్లు. కొండను తవ్వి ఎలుకను పట్టడమనే మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ధర పదింతలైతే, యంత్రాలు పదో వంతుకు చవకైతే లెక్క మారవచ్చు. అప్పుడు కూడా అక్కడ పనిచేసేది ట్రాక్టరే, డ్రైవరు కాదు.

సరుకుంటే మనుషులు వెళ్తారా?

విలువైన సరుకు అన్వేషణను వేగిరపరిచిన ఉదాహరణలు చరిత్రలో ఉన్నాయి. 1819లో విలియం స్మిత్ అనే నావికుడు అంటార్కిటికా అంచున సౌత్ షెట్లాండ్ దీవులను చూశాడు. అక్కడ బొచ్చు సీల్స్ ఉన్నాయన్న కబురు పొక్కగానే బ్రిటిష్, అమెరికన్ వేట ఓడలు పదుల సంఖ్యలో దిగాయి. ఆ హడావుడిలోనే 1820 నవంబరులో నథానియల్ పామర్ అనే వేటగాడు అంటార్కిటికా ప్రధాన భూభాగాన్ని చూశాడు. కానీ నాలుగైదేళ్లలో సీల్స్ అయిపోయాయి, ఓడలూ వెళ్లిపోయాయి. పైగా మంచి వేటచోటు దొరికినవాడు దాన్ని పటంలో గుర్తించడు, పోటీదారుకు చెప్పడు. సరుకు కోసం జరిగిన అన్వేషణలో సమాచారం దాచుకోవడమే లాభం. చంద్రుడి మీద మంచు ఎక్కడుందో ఒక ప్రైవేటు కంపెనీకి తెలిస్తే ఏం చేస్తుందో ఊహించడానికి ఇది పనికొచ్చే ముచ్చట.

అదే అంటార్కిటికాలో ఇవాళ పదుల పరిశోధన కేంద్రాలు నడుస్తున్నాయి, మన మైత్రి, భారతి కూడా. అక్కడ ఖనిజ తవ్వకాన్ని 1991 మాడ్రిడ్ ప్రోటోకాల్ పూర్తిగా నిషేధించింది. మనుషులు ఏడాది పొడవునా ఉంటున్నది తవ్వకానికి వీల్లేని ఖండంలో.

సముద్రపు అడుగు దీనికి తలకిందులు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల అడుగున మాంగనీసు ముద్దలు పరుచుకుని ఉన్నాయని 1870ల్లో చాలెంజర్ ఓడ ప్రయాణం నాటి నుంచే తెలుసు. వాటిలో నికెల్, రాగి, కోబాల్ట్ ఉంటాయి. మధ్య హిందూ మహాసముద్రంలో 75 వేల చదరపు కిలోమీటర్లలో అన్వేషించే హక్కు భారత్ చేతిలో ఉంది. 1987లోనే మన దేశం అక్కడ పయనీర్, అంటే ముందుగా పెట్టుబడి పెట్టిన దేశం, హోదా సంపాదించింది. ఇంతా చేసి ప్రపంచంలో ఎక్కడా వాణిజ్య తవ్వకం పట్టాలెక్కలేదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేసిన వరాహ అనే యంత్రం 2021లో 5,270 మీటర్ల లోతున అడుగు మీద పాకింది. అది మనిషి లేని యంత్రం. మనుషులు మాత్రం 1960లో ఒకసారి సముద్రాల అత్యంత లోతుకు వెళ్లి వచ్చాక, మళ్లీ 2012 దాకా అక్కడికి పోలేదు. కింద సంపద ఉందని తెలిసిన ఆ 52 ఏళ్లూ ఎవరికీ తొందర పుట్టలేదు.

మనిషిని చంద్రుడి మీదికి తీసుకెళ్లిందీ సరుకు కాదు. 1966లో అమెరికా ఫెడరల్ బడ్జెట్‌లో 4 శాతానికి పైగా నాసాకే వెళ్లింది, సోవియట్ యూనియన్ కన్నా ముందుండడం కోసం. ఆ పట్టుదల తగ్గగానే 1972తో యాత్రలు ఆగాయి. తెచ్చిన 382 కిలోల రాళ్ల విలువ పెరిగిందే తప్ప తగ్గలేదు. ఆ విలువ కోసం మాత్రం ఎవరూ తిరిగి పోలేదు.

మెరిసేది కాదు, మరిగేది

మరి వనరులకు ఏ పాత్రా లేదా? ఉంది. అది భూమికి తెచ్చే వనరులకు కాదు, అక్కడే ఖర్చయ్యే వాటికి. భూమి నుంచి దిగువ కక్ష్యకు చేరడానికి రాకెట్ సెకనుకు సుమారు 9.4 కిలోమీటర్ల వేగం సంపాదించాలి. చంద్రుడి నేల నుంచి దాని చుట్టూ కక్ష్యకు చేరడానికి 1.9 కిలోమీటర్ల లోపే చాలు. రాకెట్ బరువులో ఎక్కువ భాగం ఇంధనమే, ఆ ఇంధనంలో ఎక్కువ భాగం ఆక్సిజనే. కాబట్టి పైన దొరికే కిలో ఆక్సిజన్‌కు ఉన్న విలువ పైన దొరికే కిలో బంగారానికి లేదు.

ఈ కోణంలో ఒక మలుపు శ్రీహరికోట నుంచే మొదలైంది. 2008 అక్టోబరు 22న బయల్దేరిన చంద్రయాన్-1లోని నాసా పరికరం చంద్రుడి ఉపరితలంపై నీటి జాడలున్నట్టు చూపింది. ఆ ఫలితాలు 2009 సెప్టెంబరులో బయటికొచ్చాయి. మరుసటి నెల 9న నాసా ఒక ఖాళీ రాకెట్ దశను దక్షిణ ధ్రువం దగ్గరి కబేయస్ బిలంలోకి ఢీకొట్టించింది. ఎగిసిన మట్టిలో బరువు ప్రకారం 5.6 శాతం నీరుందని తేల్చారు, 2.9 శాతం అటూ ఇటూగా. ఆ తర్వాత ప్రపంచం దృష్టంతా దక్షిణ ధ్రువం మీదే. అపోలో యాత్రలు దిగింది ధ్రువాలకు దూరంగా, భూమధ్యరేఖ వైపు ప్రాంతాల్లో. ఇప్పుడు అమెరికా ఆర్టెమిస్, చైనా-రష్యాల పరిశోధన కేంద్రం, భారత్-జపాన్ ఉమ్మడి చంద్రయాన్-5, అన్నీ ధ్రువం వైపే చూస్తున్నాయి. వనరు చేసింది ఇదీ: ప్రయాణం దిక్కు మార్చింది. వేగం మార్చలేదు. 2009 నుంచి ఇప్పటిదాకా అక్కడి నుంచి ఒక్క గ్లాసు నీళ్లు కూడా ఎవరూ తీయలేదు.

ఎందుకు తీయలేదో తెలియాలంటే పనిని దగ్గర నుంచి చూడాలి. ఏడాదికి 100 టన్నుల నీరు తీసే చిన్న ప్లాంటు అనుకుందాం. 5.6 శాతం మంచు ఉండి, అందులో సగం పట్టుకోగలిగితే 3,600 టన్నుల మట్టి తవ్వాలి. మంచు 1 శాతమే అయితే 20 వేల టన్నులు. శాతం తగ్గే కొద్దీ నష్టం రెండు వైపులా: తవ్వకం పెరుగుతుంది, వేడి చేసే కరెంటులో ఎక్కువ భాగం ఒట్టి మట్టికి పోతుంది. మట్టిని మూసిన పాత్రలో వేడి చేస్తే మంచు నేరుగా ఆవిరవుతుంది, దాన్ని చల్లని పలక మీద మళ్లీ గడ్డకట్టించి గీకి తీయాలి. వచ్చేది మంచినీళ్లు కాదు. కబేయస్ మట్టిలో హైడ్రోజన్ సల్ఫైడ్, అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, చివరికి పాదరసం కూడా కనిపించాయి. ఇవి నీటిని విడగొట్టే యంత్రం (ఎలక్ట్రోలైజర్) పొరలను పాడు చేస్తాయి కాబట్టి ముందు శుద్ధి తప్పదు. తర్వాత నీటిని విద్యుత్తుతో విడగొట్టాలి, కిలోకు సుమారు 5 యూనిట్లు. 100 టన్నులకు 5 లక్షల యూనిట్లు, అంటే ఏడాది పొడవునా ఆగకుండా 57 కిలోవాట్లు. ఆ పైన ఆక్సిజన్‌ను మైనస్ 183కు, హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీలకు చల్లబరిచి ద్రవం చేయాలి. భూమి మీది పెద్ద ప్లాంట్లలోనే కిలో హైడ్రోజన్‌ను ద్రవం చేయడానికి 10 యూనిట్లకు పైగా పడుతుంది. అన్నీ కలిపితే 100 కిలోవాట్ల చేరువకు వస్తుంది, అంటే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సౌర పలకలన్నీ ఇచ్చే స్థాయి. మంచు ఉండేది ఎండ ఎన్నడూ పడని గుంతల్లో కాబట్టి పలకలు అక్కడ పనిచేయవు. గుంత అంచున ఎండ పడే చోట పెట్టి కిలోమీటర్ల కొద్దీ కేబుల్ లాగాలి, లేదా రియాక్టర్ పెట్టాలి. నాసా 2025లో చంద్రుడి కోసం లక్ష్యంగా పెట్టుకున్న రియాక్టర్ కూడా 100 కిలోవాట్లదే.

ఇక్కడ తరచూ పక్కకు పోయే చిన్న లెక్క ఇంకోటుంది. 9 కిలోల నీటి నుంచి 1 కిలో హైడ్రోజన్, 8 కిలోల ఆక్సిజన్ వస్తాయి. హైడ్రోజన్ ఇంజన్లు మాత్రం 1కి 6 పాళ్లలోనే మండిస్తాయి. అందువల్ల 100 టన్నుల నీటి నుంచి ఉపయోగపడే ఇంధన మిశ్రమం 78 టన్నులే, 22 టన్నుల ఆక్సిజన్ మిగిలిపోతుంది. అది వృథా కాదు. మనిషికి రోజుకు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి, ఆ మిగులు ఒక్కటే 70 మంది ఏడాది పాటు పీల్చడానికి సరిపోతుంది. ఇంజను మీథేన్‌ది అయితే సంగతి వేరు. స్పేస్‌ఎక్స్ కంపెనీ స్టార్‌షిప్ నౌక తరహా ఇంజన్లలో ఇంధన మిశ్రమంలో 78 శాతం దాకా ఆక్సిజనే, మిగతాది కార్బన్ కావాల్సిన మీథేన్. ఆ కార్బన్ చంద్రుడి మీద చాలా అరుదు. అందుకని మీథేన్‌ను ఎలాగూ భూమి నుంచే మోసుకెళ్లాలి. అలాంటి నౌకకు ధ్రువపు మంచు తప్పనిసరి కాదు, అక్కడ ఆక్సిజన్ దొరికితే చాలు.

ఆక్సిజన్ చంద్రుడి మీద ఎక్కడ పార పెట్టినా ఉంది. మట్టి బరువులో 40 నుంచి 45 శాతం అదే, కాకపోతే సిలికాన్, ఇనుము, అల్యూమినియంతో గట్టిగా ముడిపడి ఉంటుంది. తేలికగా వదిలే ఖనిజం ఇల్మెనైట్. శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా తీరంలో కనిపించే నల్ల ఇసుకలో ఉండేదే ఇది కూడా. దాన్ని హైడ్రోజన్‌లో 900 నుంచి 1,000 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని ఇనుము ఆక్సిజన్‌ను వదులుతుంది, నీరు తయారవుతుంది. నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను మళ్లీ కొలిమిలోకి పంపాలి. 100 కిలోల మంచి మట్టికి 1 నుంచి 3 కిలోల ఆక్సిజన్ వస్తుంది. మట్టిని 1,600 డిగ్రీల దగ్గర కరిగించి నేరుగా విద్యుత్తు పంపితే ఇంకా చాలా ఎక్కువ వస్తుంది, కానీ ఆ వేడిలో పాత్రలు, ఎలక్ట్రోడ్లే కరిగిపోవడం మొదలవుతుంది. మైదానాల్లో ఎండ రెండు వారాలు దండిగా ఉంటుంది, చీకటి గుంతల్లోకి దిగే పని లేదు. ధ్రువపు మంచు మీద పెడుతున్న దృష్టిలో సగం ఈ మైదానాల మీద పెట్టి ఉంటే బాగుండేదని ఈ లెక్కలు చూసినవారికి అనిపించడంలో వింత లేదు.

అంగారకుడి మీద ఈ పని చిన్న స్థాయిలో నిజంగా జరిగింది. పర్సివరెన్స్ రోవర్‌లోని మాక్సీ పెట్టె 2021 నుంచి 2023 దాకా 16 సార్లు నడిచి, అక్కడి కార్బన్ డయాక్సైడ్ నుంచి 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. ఉత్తమంగా గంటకు 12 గ్రాములు, 98 శాతం స్వచ్ఛతతో. నలుగురు అక్కడి నుంచి తిరిగి లేవడానికి కావాల్సింది 25 టన్నులకు పైగా ఆక్సిజన్. పెట్టె పనిచేసింది, ఇక కావాల్సింది వందల రెట్ల పెద్దది. దాన్ని మరమ్మతు లేకుండా ఏడాదికి పైగా నడపాలి.

యంత్రాలు ఎక్కడ ఆగిపోతున్నాయి

లెక్కల్లో తవ్వకం ఒక అంకె. నేల మీద అది వేరే కథ. అంగారకుడిపై ఇన్‌సైట్ ల్యాండర్ 2019లో 40 సెంటీమీటర్ల సుత్తి పుల్లను 5 మీటర్లు దింపాలని చూసింది. ఆ పుల్ల లోపలి సుత్తి కొట్టినప్పుడు వెనక్కి తన్నకుండా చుట్టూ మట్టి పట్టి ఉంచాలి. అక్కడి మట్టి గడ్డలు కట్టి, పుల్ల చుట్టూ గుంత వెడల్పై, పట్టు దొరక్క అది ఉన్నచోటే ఎగిరెగిరి పడింది. రోబో చేతితో పక్క నుంచి నొక్కారు, పై నుంచి నొక్కారు. రెండేళ్లు తంటాలు పడి 2021 జనవరిలో వదిలేసేనాటికి పుల్ల తల నేలకు 2, 3 సెంటీమీటర్ల లోపలే ఉంది. బెన్నూ మీద దీనికి పూర్తిగా విరుద్ధం. ఒసైరిస్-రెక్స్ చేయి తాకగానే నేల నీళ్లలా దారిచ్చి అర మీటరు లోపలికి దిగిపోయింది, పట్టుకున్న రాళ్లు మూత సందులో ఇరుక్కుని నమూనా బయటికి కారడం మొదలైంది. నేల గట్టిదనుకున్నచోట వదులుగా, వదులనుకున్నచోట గట్టిగా తేలుతోంది. గని పెట్టేవాడికి మొదట కావాల్సిన ఈ సమాచారమే చేతిలో లేదు.

గురుత్వాకర్షణ ఆరో వంతే ఉండడంతో ఇంకో చిక్కు. పొక్లెయినర్ తవ్వేది తన బరువు ఆసరాతోనే. చంద్రుడి మీద బకెట్ నేలలోకి దిగకుండా యంత్రమే పైకి లేస్తుంది. అందుకని నాసా రాసోర్ అనే నమూనాలో రెండు వైపులా పళ్ల డ్రమ్ములు పెట్టి ఎదురెదురు దిశల్లో తిప్పింది. ఒకదాని లాగుడు రెండోదాని లాగుడుతో సరిపోతుంది, బరువుతో పని లేదు. తెలివైన పనే, కానీ ఒక్కో దఫా పెచ్చు గీకినట్టే తీస్తుంది. దుమ్ము సంగతి అపోలో రోజుల్లోనే తెలిసింది. గాలి, నీరు అరగదీయని ఆ రేణువుల అంచులు గాజు పెంకుల్లా పదునుగా ఉంటాయి. నమూనాల పెట్టెల మూతలకు మెత్తటి ఇండియం లోహపు సీలు పెట్టినా, మధ్యలో దుమ్ము పడి కొన్ని పెట్టెలు భూమికి చేరేలోపే శూన్యం కోల్పోయాయి. వారం రోజుల ప్రయాణానికే అలా అయితే, ఏడాది పొడవునా తెరుస్తూ మూస్తూ ఉండే కొలిమి తలుపు గతి ఆలోచించాలి.

2025 మార్చి 6న ఎథీనా ల్యాండర్ దక్షిణ ధ్రువానికి దగ్గర్లో మీటరు లోతు తవ్వే డ్రిల్‌తో దిగింది. దిగింది ఒక చిన్న గుంతలో, పక్కకు ఒరిగి. సౌర పలకలకు ఎండ అందక ఒక్క రోజులోపే బ్యాటరీలు అయిపోయాయి. డ్రిల్ కదులుతుందని చూపించగలిగారు, నేలను తాకలేకపోయింది. నీటి వేటకే తయారైన వైపర్ రోవర్‌ను నాసా 2024 జులైలో, 45 కోట్ల డాలర్ల దాకా ఖర్చయ్యాక రద్దు చేసి, 2025లో బ్లూ ఆరిజిన్ ల్యాండర్ మీద పంపేందుకు మళ్లీ తెరపైకి తెచ్చింది.

చవక రాకెట్ తెచ్చే తిరకాసు

రాకెట్ ప్రయాణం చవకైతే గనులు మొదలవుతాయని సాధారణంగా అంటారు. స్పేస్ షటిల్ రోజుల్లో కక్ష్యకు కిలో పంపడానికి 50 వేల డాలర్లకు పైగా పడేది, ఫాల్కన్-9తో 3 వేల దగ్గరికి వచ్చింది. కానీ పైన తీసే నీటికి పోటీదారు భూమి నుంచి పంపే నీరే. చంద్రుడి నేలకు సరుకు దింపడానికి ఆస్ట్రోబోటిక్ కంపెనీ ప్రకటించిన ధర కిలోకు 12 లక్షల డాలర్లు. ఆ ధరలో అక్కడి నీరు బంగారం కన్నా ఖరీదు, గని పెట్టడం న్యాయమే. కాకపోతే ఆ ధరకు గని యంత్రాలు దింపలేరు. ఒక్కో టన్నుకు 120 కోట్ల డాలర్లు. ధర వందో వంతుకు పడితే యంత్రాలు దించవచ్చు. అప్పుడు 100 టన్నుల సరుకు మోసే ఒక్క పెద్ద ల్యాండర్, మనం పైన లెక్క వేసిన ప్లాంటు ఏడాదంతా తీసే నీటిని ఒక్క దఫాలో దింపేస్తుంది. చవక రాకెట్ గనికి దారి తెరుస్తుంది, అదే చేత్తో గని సరుకు విలువ తగ్గిస్తుంది. ఈ రెండు గీతల మధ్య ఒక సందు ఉంది: ఏటా వందల, వేల టన్నుల ఇంధనం వాడేంత రద్దీ ఉన్నప్పుడు గని గెలుస్తుంది. ఆ రద్దీ రావాలంటే ముందే అక్కడ చాలామంది మనుషులో, చాలా నౌకలో ఉండాలి. అంటే గని మనుషులను రప్పించడం కాదు, మనుషులు వచ్చాక గని నిలబడడం.

ఇక్కడ ఇంకో మాట. గని నిలబడినా అది మనుషులను పిలవదు. ఆస్ట్రేలియాలోని పిల్బరా ఇనుప గనుల్లో డ్రైవర్ లేని లారీలను 1,500 కిలోమీటర్ల దూరంలోని పెర్త్ నగరం నుంచి నడుపుతున్నారు, గాలి, నీరు, తిండి అన్నీ ఉన్నచోటే. చంద్రుడికి సంకేతం పోయి రావడానికి పట్టేది రెండున్నర సెకన్ల పైచిలుకు. మెల్లగా తవ్వే యంత్రానికి అది అడ్డే కాదు. అన్వేషణలో మనిషికి సాటి లేదు: అపోలో 17 ఇద్దరూ మూడు రోజుల్లో 35 కిలోమీటర్లకు పైగా తిరిగారు, ఆపర్చునిటీ రోవర్‌కు 45 కిలోమీటర్లకు 14 ఏళ్లు పట్టింది. కానీ తవ్వకానికి కావాల్సింది ఆ చురుకు కాదు, ఒకే పనిని లక్ష సార్లు విసుగు లేకుండా చేయడం.

హక్కుల విషయంలో హడావుడి అన్నిటికన్నా ముందుంది. 1967 అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం ఏ దేశమూ ఖగోళ వస్తువును సొంతం చేసుకోరాదంది. తవ్వి తీసిన సరుకు తీసినవాడిదే అని అమెరికా 2015లో, లక్సెంబర్గ్ 2017లో, జపాన్ 2021లో చట్టాలు చేశాయి. భారత్ 1979 చంద్ర ఒప్పందంపై 1982లో సంతకం చేసి ఆమోదముద్ర వేయలేదు, 2023 జూన్‌లో అమెరికా నేతృత్వంలోని ఆర్టెమిస్ ఒడంబడికలో చేరింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంది. 2020 డిసెంబరులో నాసా చంద్రుడి మట్టి కొంటానని నాలుగు ఒప్పందాలు చేసుకుంది, మొత్తం 25,001 డాలర్లు. అందులో లూనార్ అవుట్‌పోస్ట్ అనే కంపెనీ అడిగింది ఒక్క డాలరు. ఉద్దేశం మట్టి కాదు, అమ్మకం చెల్లుతుందని చూపడం. ఆ కంపెనీ రోవర్ పక్కకు ఒరిగిన ఎథీనా లోపలే ఉండిపోయింది. ఒప్పందంలోని జపాన్ ఐస్పేస్ ల్యాండర్లు 2023 ఏప్రిల్‌లో ఒకటి, 2025 జూన్‌లో ఒకటి కూలిపోయాయి.

కాబట్టి ఇకపై చూడాల్సింది ధరల పట్టికలు కాదు. చంద్రయాన్-3 విక్రమ్‌లోని ఉష్ణోగ్రత కొలిచే చాస్టే గుచ్చుపుల్ల 2023లో 69 డిగ్రీల దక్షిణాన 10 సెంటీమీటర్ల దాకా దిగి, పైన మండుతున్న నేల 8 సెంటీమీటర్ల కిందే సున్నా కన్నా దిగువకు పోతుందని చూపింది. తర్వాతి మెట్టు చంద్రయాన్-5లో జపాన్ రోవర్ డ్రిల్, ఒకటిన్నర మీటరు లోతు. దాని నుంచి రావాల్సిన అంకెలు మూడు: మంచు ఎంత శాతం, ఎంత లోతున మొదలవుతుంది, పొరలా పరుచుకుందా లేక అక్కడక్కడ గింజల్లా ఉందా. 5 శాతం దాటి పొరలా ఉంటే ధ్రువం దగ్గర ప్లాంటు గీయడానికి ఇంజనీర్లు కూర్చోవచ్చు. 1 శాతం లోపు, చెదురుమదురుగా ఉంటే ధ్రువాన్ని శాస్త్రవేత్తలకు వదిలి, ఇల్మెనైట్ ఉన్న ఎండ మైదానాలకు దుకాణం మార్చడం మేలు.